రెండో ప్లాన్ ఎవరికి?

గొంతు క్యాన్సర్‌కు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకునే మనిషి మొదటిరోజు బల్ల మీద పడుకున్నప్పుడు ఎట్లా ఉన్నాడో ఏడో వారంలోనూ అట్లాగే ఉంటాడని మా వృత్తి చాలాకాలం నమ్మింది. ముందు ముఖానికి మాస్కు చేస్తాం, సీటీ తీస్తాం. ఆ సీటీ మీద డాక్టరు గడ్డను, లాలాజల గ్రంథులను, వెన్నుపామును గీస్తాడు. ఏ మూలకు ఎంత డోసు పోవాలో ఫిజిసిస్టు లెక్క కడతాడు. ఆ లెక్క మీదే 35 సిట్టింగులు, మొత్తం 70 గ్రే డోసు. ఈలోగా గడ్డ కరుగుతుంది, బుగ్గలు లోపలికి పోతాయి, మెడ సన్నబడుతుంది. లెక్క మాత్రం మొదటిరోజుదే. మధ్యలో మళ్లీ స్కాన్ తీసి, మారిన ఒంటికి తగ్గట్టు ప్లాన్ మార్చడమే అడాప్టివ్ రేడియోథెరపీ. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని విలియం బ్యూమాంట్ ఆసుపత్రి నుంచి డి యాన్, ఆయన తోటివాళ్లు 1997లో ఈ పేరుతో పేపరు రాశారు.

మాది కరీంనగర్ జిల్లా. ఉద్యోగం హైదరాబాద్‌లో చేసినా నా ఓపీ ముందు కూర్చున్నవాళ్లలో ఎప్పుడూ మన దిక్కువాళ్లే ఎక్కువ: జగిత్యాల, సిరిసిల్ల, గోదావరిఖని, మంచిర్యాల, ఉట్నూరు. ఇప్పుడు మన ప్రాంతపు పిల్లలే రేడియేషన్ డాక్టర్లయి ఫోన్ చేస్తున్నారు. "సార్, కొత్త మెషిన్ వచ్చింది. రెండో ప్లాన్ ఎవరికి వెయ్యమంటారు?" అందరికీ వెయ్యలేరు. ఒక్క రెండో ప్లాన్ అంటే మళ్లీ గంటల తరబడి గీతలు, మళ్లీ లెక్క, మళ్లీ మెషిన్ మీద సరిచూసుకోవడం. ఆ టైములో ఇంకో ముగ్గురు కొత్త రోగుల చికిత్స మొదలు కావొచ్చు. అందుకని నాకు తెలిసింది రాసి పెడుతున్నాను.

1. ఒళ్లు అందరికీ మారుతుంది, నష్టం కొందరికే.

ఈ ఒక్కటీ పట్టుబడితే తక్కినవన్నీ దీని వెంటే వస్తాయి. హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్‌లో బార్కర్ అనే డాక్టరు బృందం 14 మంది తల, మెడ క్యాన్సర్ రోగులకు చికిత్స నడుస్తుండగానే పదే పదే సీటీ తీసి 2004లో ఫలితాలు చెప్పింది. గడ్డ రోజుకు దాదాపు 1.8 శాతం చొప్పున తగ్గింది. చెవి కింద ఉండే పరోటిడ్ అనే లాలాజల గ్రంథి రోజుకు 0.6 శాతం చొప్పున చిక్కింది. చిక్కడమే కాదు, సుమారు 3 మిల్లీమీటర్లు లోపలికి, అంటే గడ్డ వైపుకు జరిగింది. మనం కాపాడాలనుకున్న గ్రంథి తనంతట తానే డోసు ఎక్కువున్న చోటికి వెళ్లిందన్నమాట. ఈ పేపరు చదివినవాళ్లందరికీ అప్పట్లో అనిపించింది ఒకటే: వారం వారం ప్లాన్ మారిస్తే నోరెండిపోయే బాధ తప్పుతుందని.

తప్పలేదు. ఫ్రాన్స్‌లో ఆర్టిక్స్ అనే పరీక్ష చేశారు. గొంతు వెనక భాగపు క్యాన్సర్ ఉన్న 132 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు వారం వారం కొత్త ప్లాన్, రెండో జట్టుకు మొదటి ప్లానే. ఏడాది తర్వాత లాలాజలం కొలిస్తే రెండు జట్లకూ తేడా లేదు. 2023లో ఈ ఫలితం అచ్చయినప్పుడు చాలామంది అడాప్టివ్ పని అయిపోయిందన్నారు. నేను దాన్ని వేరే తీరుగా చదివాను. అందులోకి రోగులను ఏరి తీసుకోలేదు. శ్రీరాంసాగర్ కాలువ కింద వరికీ, ఆరుతడి పంటకూ ఒకే లెక్కన నీళ్లు వదిలితే ఆఖరుకు సగటు దిగుబడి పెరగలేదనే తేలుతుంది. నీళ్లు పనికిరావని ఎవరూ అనరు, ఏ మడికి వదిలారని అడుగుతారు.

2. సగం జవాబు మొదటి ప్లాన్‌లోనే ఉంటుంది.

నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో బ్రౌవర్ బృందం పట్టుకున్న ప్రశ్న సరిగ్గా ఇదే: రెండో ప్లాన్ ఎవరికి అవసరమో ముందే చెప్పగలమా? బరువు, వయసు, గడ్డ సైజు అన్నీ చూసి వాళ్లు ప్రధానంగా నిలబెట్టిన గుర్తు చాలా సాదాది: మొదటి ప్లాన్‌లో పరోటిడ్‌కు పడబోయే సగటు డోసు. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. ఆలోచిస్తే న్యాయమే. గ్రంథి గడ్డకు దూరంగా, 10 గ్రేల నీడలో ఉంటే అది ఎంత చిక్కినా, ఎటు జరిగినా పెద్దగా పోయేదేం లేదు. గడ్డ గ్రంథిలోకే పాకి, 50 గ్రేలు పడక తప్పని చోట ఎన్ని ప్లాన్లు వేసినా మిగిలేది లేదు. మధ్యవాళ్లున్నారు. సగటు 26 గ్రే దాటితే లాలాజలం తిరిగి రావడం కష్టమని మేం నేర్చుకున్న గీతకు అటూ ఇటూ ఊగుతున్నవాళ్లు. రెండు మూడు మిల్లీమీటర్ల కదలిక వాళ్లను గీత దాటిస్తుంది. నన్నడిగితే రెండో ప్లాన్ వాళ్లది.

వెన్నుపాముకూ ఇదే వర్తిస్తుంది. అందుకని ప్లాన్ మీద సంతకం పెట్టే రోజే ఫిజిసిస్టును ఒక ప్రశ్న అడగండి: "ఇందులో ఏ అవయవం గీత పక్కన ఉంది?" ఆ జవాబును కేసు షీటు మొదటి పేజీ మీద రాయించండి. చాలాచోట్ల ఆ లెక్క కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. మూడో వారంలో రోగిని చూసే జూనియర్ డాక్టరుకు అది కనపడదు.

3. టెక్నీషియన్ మాట ముందు వినండి.

మెడ సన్నబడిందని డాక్టరు కంటే ముందు తెలిసేది రోజూ మాస్కు బిగించే మనిషికి. "సార్, మాస్కులో తల తిరుగుతోంది" అని టెక్నీషియన్ అన్నాడంటే అది వార్త. అయితే ఆ మాటకు అర్థాలు రెండు. ఒకటి, మాస్కు వదులైంది గానీ లోపల గ్రంథులూ గడ్డా ఉన్నచోటే ఉన్నాయి. అప్పుడు కొత్త మాస్కు చేసి, స్కాన్ తీసి, పాత డోసు పటం సరిగ్గా కూర్చుంటోందో లేదో చూస్తే సరిపోతుంది. రెండోది, లోపలి బొమ్మే మారింది. అప్పుడే కొత్త ప్లాన్. కోన్‌బీమ్ సీటీ (బల్ల మీదే తీసేది) ఉన్న మెషిన్ మీద ఈ తేడా పది నిమిషాల్లో తెలుస్తుంది. లేనిచోట సీటీకి పంపాలి, తప్పదు.

మెడ మీద నిమ్మకాయంత గడ్డలతో వచ్చినవాళ్లు, కీమోతో కలిపి కరెంటు పెట్టించుకుంటున్నవాళ్లు, మొదట్లో ఒళ్లు చేసి ఉన్నవాళ్లు: ఈ మూడు రకాలవాళ్ల విషయంలో టెక్నీషియన్‌ను అదనంగా కళ్లు తెరిచి ఉండమని చెప్పండి.

4. మన నోటి క్యాన్సర్ వేరు, పుస్తకంలోది వేరు.

యూరప్, అమెరికా పేపర్లలో ఎక్కువగా కనిపించేది టాన్సిల్, నాలుక మొదలు క్యాన్సర్లు. వాటిలో చాలావాటికి మూలం హెచ్‌పీవీ వైరస్. ఆ గడ్డలు కరెంటుకు వెన్నలా కరుగుతాయి, మెడ గడ్డలు మరీను. కనుక అక్కడ శరీరం మారడమంటే ప్రధానంగా గడ్డ కరగడం. మన దగ్గర గుట్కా, జర్దా బుగ్గన పెట్టుకున్నచోట, చిగురుకూ బుగ్గకూ మధ్యన వచ్చేవే ఎక్కువ. నిషేధం ఉన్నా గుట్కా దొరకని ఊరు నేను చూడలేదు. ఈ రోగులకు ముందు ఆపరేషన్ చేస్తారు. దవడ ముక్క తీస్తారు, ఛాతీ నుంచో తొడ నుంచో కండ తెచ్చి కుడతారు. ఆ తర్వాత 30 సిట్టింగుల్లో 60 గ్రే. కరగడానికి అక్కడ గడ్డే లేదు!

మారేది వేరొకటి: ఆపరేషన్ వాపు దిగడం, కుట్టిన కండ కుంచించుకోవడం, తినలేక బరువు పోవడం. వాపు దిగకముందే తొందరపడి ప్లానింగ్ సీటీ తీస్తే రెండో వారానికే లెక్క తప్పుతుంది. ఇట్లాంటి రోగికి రెండో ప్లాన్ గురించి ఆలోచించే ముందు మొదటి సీటీ ఎప్పుడు తీశారో చూడండి. ఆపరేషన్ అయిన ఆరు వారాల్లోపు కరెంటు మొదలుపెట్టాలని మేమంతా పట్టుబడతాం, ఆ పట్టు సరైనదే. కానీ ఆ ఆరు వారాల్లో సీటీని మూడో వారంలో తీశారా, అయిదో వారంలో తీశారా అన్నది మన చేతిలో పని.

కంప్యూటర్‌కు నేర్పించి, ఎవరికి రెండో ప్లాన్ కావాలో జోస్యం చెప్పించే ప్రయత్నాలు ఇప్పుడు బోలెడు. నాకు వాటి మీద కోపం లేదు. అది ఎవరి స్కాన్ల మీద నేర్చుకుందో అడగాలంటాను. టాన్సిల్ క్యాన్సర్లు చూసి నేర్చుకున్న యంత్రం నిర్మల్ నుంచి వచ్చిన, బుగ్గ కోసి కుట్టిన మనిషిని చూసి ఏం చెప్పినా కొంత అనుమానించే వినాలి.

5. బరువు మిషన్ మీ అసలు మెషిన్.

ఆదిలాబాద్ దిక్కునుంచి వచ్చిన ఒకాయన, పత్తి రైతు, నాలుగో వారంలో బల్ల ఎక్కలేని స్థితికొచ్చాడు. భార్యను అడిగితే, "ఏం తింటలేడు సారూ. బువ్వ మింగుతుంటె మంట మంట అంటడు. చాయ్‌లో బ్రెడ్డు ముంచిస్తున్న" అంది. ఎక్కడ ఉంటున్నారంటే ఆసుపత్రి దగ్గర ఫుట్‌పాత్ పక్కన. వండుకునే చోటు లేదు. ఆ చాయ్ బ్రెడ్డుతో ఏ ప్లానూ నిలబడదు. బార్కర్ పేపర్లోనే ఉంది, పరోటిడ్ లోపలికి జరగడం బరువు తగ్గడంతో ముడిపడి ఉందని. అంటే రెండో ప్లాన్ అవసరాన్ని మనం కొంతవరకు వంటింట్లోనే తప్పించొచ్చు.

నేను పాటించిన లెక్క ఇది: మూడో వారం చివరికి మొదటి బరువులో 5 శాతం పోతే స్కాన్ సంగతి చూసేలోపే ముక్కు గొట్టం. చాలామంది గొట్టం అనగానే "ఇగ అయిపోయిందా సారూ" అని భయపడతారు. కూర్చోబెట్టి చెప్పాలి. గొట్టంలోంచి తైదల జావ, మక్క గట్క పల్చగా చేసి, పప్పు కట్టు, పచ్చి గుడ్డు కాకుండా ఉడికించి మెత్తగా కలిపిన గుడ్డు, మజ్జిగ ఇవన్నీ పోతాయి. రోజుకు ఎన్ని గిన్నెలు, ఎన్నిసార్లు అని కాగితం మీద రాసివ్వండి. భార్యకు చదువు రాకపోతే కొడుకు ఫోన్లో మాట రికార్డు చేసి పంపండి. డైటీషియన్ ఇచ్చే అచ్చు కాగితంలో ఓట్స్, ఆపిల్ జ్యూస్ అని ఉంటుంది. దాన్ని పక్కన పెట్టండి.

గొట్టం పెట్టి, తిండి పెట్టి, అయినా మెడ పడిపోతుంటే అప్పుడు రెండో ప్లాన్ నిజంగా అవసరమైన మనిషి అతను. తిండి లేక చిక్కిపోతున్న మనిషికి మారిన ప్లాన్ వేస్తే వచ్చే వారానికి అదీ పాతబడుతుంది.

6. అందరికీ పనికొచ్చే అడాప్టివ్ ఒకటుంది, దాన్ని మనం ఆ పేరుతో పిలవం.

తల, మెడ గురించే ఇంత మాట్లాడాను గానీ, మన జిల్లాల ఆడవాళ్లకు రెండో కొలత వల్ల ఎక్కువ మేలు జరిగేది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో. పొలం పనులకూ బీడీలు చుట్టడానికీ పోయే ఆడవాళ్లు తెల్లబట్ట, రక్తం అని నెలల తరబడి దాచుకుని, గడ్డ పెద్దదయ్యాకే వస్తారు. బయటి నుంచి 25 సిట్టింగులు, వారం వారం కీమో. ఆ అయిదు వారాల్లో గడ్డ చాలా మందిలో సగానికి, అంతకంటే తక్కువకు దిగిపోతుంది. అప్పుడు లోపల గొట్టాలు పెట్టి ఇచ్చే బ్రాకీథెరపీ. మిగిలిన గడ్డ ఎంతుందో ఆ రోజు చూసి, ఆ రోజు ఆకారానికి డోసు కొలుస్తాం. ఇది అడాప్టివ్ కాక మరేమిటి?

దీన్ని ఎంఆర్‌ఐ చూసి పద్ధతిగా చేస్తే ఏమవుతుందో ఎంబ్రేస్ అనే అంతర్జాతీయ అధ్యయనం 2021లో చూపించింది. మన ముంబై టాటా మెమోరియల్ కూడా అందులో ఉంది. 1,300 మందికి పైగా రోగులు, అయిదేళ్ల తర్వాత చూస్తే 92 శాతం మందిలో క్యాన్సర్ ఆ చోట తిరగబెట్టలేదు. ఏ ఖరీదైన కొత్త లినాక్ మెషిన్ కూడా ఈ జబ్బులో బ్రాకీథెరపీని పక్కకు నెట్టలేదు.

ఎంఆర్‌ఐ ప్రతిసారీ దొరకదు, నిజమే. వేలితో పరీక్ష చేసి, మొదటిరోజు గడ్డ బొమ్మ కేసు షీటులో గీసి, బ్రాకీ రోజు మళ్లీ గీయడం దొరుకుతుంది కదా. చికిత్స అంతా ఎనిమిది వారాల్లో పూర్తి కావాలి, బ్రాకీ టైము దొరకలేదని పదో వారానికి జరపకూడదు. ఇంకో చిన్న సంగతి: మూత్రాశయం నిండితే గర్భాశయం పైకి, వెనక్కి పోతుంది, ఖాళీ అయితే ముందుకు వాలుతుంది. "అవ్వా, సీసా నీళ్లు తాగి అరగంట ఉండు" అని రోజూ ఒకే తీరుగా చెప్పే నర్సు చేసే మేలును చిన్నచూపు చూడకండి.

7. ఊపిరితిత్తులకు ఒక్కటే నియమం. గడ్డ అడ్డుపడి ఊపిరితిత్తి ముడుచుకుపోయిన రోగిలో రెండో వారం తర్వాత తప్పక స్కాన్ చూడండి. దారి తెరుచుకుని ఊపిరితిత్తి విచ్చుకుందంటే లోపల అంతా చోటు మారిపోతుంది, పాత ప్లాన్‌తో గడ్డ తప్పిపోవచ్చు కూడా. ఇటలీ వాళ్లు 217 మందిని వారం వారం చూసి అందులో 50 మందికే ప్లాన్ మార్చారు. నాలుగింట ఒక వంతు. ఏరడమంటే ఎంతమందికి అనడానికి ఇదొక అందాజా.

8. వచ్చే మనిషా, రాలేని మనిషా?

ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ 300 కిలోమీటర్లు. కరీంనగర్ నుంచి 160. కాగజ్‌నగర్ వాళ్లకు భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఉంది, ఆదిలాబాద్ పట్టణం వాళ్లు కొందరు నాగపూర్ పోతారు. ఎంతోకాలంగా పేదలకు దిక్కు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, 1955 నుంచీ అక్కడే ఉంది. ఆరోగ్యశ్రీ 2007లో మొదలై చికిత్స ఖర్చు చాలావరకు తీసింది, 2023 డిసెంబరులో పరిమితి పది లక్షలకు పెరిగింది. అదే నెల నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. అందువల్ల ఇప్పుడు భార్యకు టికెట్ లేదు, క్యాన్సర్ ఉన్న భర్తకు ఉంది. ఉండే చోటు, పోయే కూలీ మాత్రం ఇప్పటికీ ఎవరి లెక్కలోనూ లేవు.

గొంతు క్యాన్సర్‌లో చికిత్స ఒక్కరోజు అదనంగా సాగినా జబ్బు అదుపులో ఉండే అవకాశం సుమారు ఒక శాతం పడిపోతుంది. వారం మానేస్తే ఏ రెండో ప్లానూ దాన్ని తిరిగి తేలేదు. కనుక ఎవరికి మేలు అని అడిగేటప్పుడు ఈ మనిషి ఆఖరు సిట్టింగు దాకా ఉంటాడా అన్నదీ అడగాలి. పత్తి ఏరే నెలల్లో మొదలుపెట్టిన రైతు, పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతరకు పోక తప్పని గోండు పెద్ద, ఇద్దరూ మధ్యలో ఊరికి పోతారు. పోవద్దని కసురుకుంటే చెప్పకుండా పోతారు. "కాకా, జాతర ఎప్పుడు? ఎన్ని దినాలు?" అని మొదటి రోజే అడిగి, సిట్టింగుల తేదీలు దాని చుట్టూ సర్ది, పోయిన రోజుకు బదులు మరో రోజు రెండు సిట్టింగులు ఇవ్వొచ్చేమో చూడండి. వాటి మధ్య ఆరు గంటల ఎడం మాత్రం ఉండాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెబుతున్నాను. రెండో ప్లాన్ తయారయ్యే దాకా చికిత్స ఆపకండి. వెన్నుపాము ప్రమాదంలో ఉంటే తప్ప పాత ప్లాన్ మీదే నడిపించండి. ప్లాన్ మార్చడం కోసం నాలుగు రోజులు ఇంటికి పంపిన చోట్లు చూశాను. అది రోగికి చేసిన మేలు కాదు.

9. ఆరో వారంలో మేల్కొంటే లాభం లేదు.

ఇది కూడికలు తీసివేతల సంగతి. 35 సిట్టింగుల్లో 30వ దాని దగ్గర ప్లాన్ మారిస్తే మిగిలినవి అయిదు, మొత్తం డోసులో ఏడో వంతు. ఎంత బాగా మార్చినా బాగుపడేది ఆ ఏడో వంతులోనే. 15వ సిట్టింగు దగ్గర చూస్తే ఇంకా సగం పైన చేతిలో ఉంటుంది. అందుకని చూడాల్సింది మూడో వారం. ఏరిన రోగులను ఆ వారం సోమవారమే స్కాన్‌కు పంపండి. గ్రంథికి ఇప్పుడు నిజంగా ఎంత పడుతోందో ఫిజిసిస్టు లెక్క కడితే, మార్చాలా వద్దా అన్నది అంకెలే చెబుతాయి. చూసి మార్చకపోవడం కూడా నిర్ణయమే, దానికి చింత అక్కర్లేదు.

10. కొత్త మెషిన్లు బల్ల మీద ఉండగానే ప్లాన్ మారుస్తాయి. వేరియన్ వాళ్ల ఈథోస్, ఎలెక్టా వాళ్ల యూనిటీ అట్లాంటివి. మూత్రాశయం, గర్భాశయం లాంటి రోజు రోజుకూ కదిలే చోట్ల వాటి పని చూసి నాకు ముచ్చటేసింది. కానీ ఒక్కో రోగి బల్ల మీద చాలాసేపు ఉంటాడు. బయట వరండాలో మంచిర్యాల బస్సు దిగినవాళ్లు ముప్పై మంది కూర్చుని ఉంటారు. ఎంఆర్‌ఐతో కలిపిన మొదటి మెషిన్లలో ఒకటి తెచ్చిన వ్యూరే కంపెనీయే 2023లో దివాలా తీసింది. కొనేవాళ్లు ఆ సంగతి కూడా మనసులో పెట్టుకోవాలి.

11. రాసి పెట్టండి. రెండో ప్లాన్ వేసిన ప్రతివాళ్లకూ ఒక వరుస: జబ్బు ఎక్కడ, ఆపరేషన్ అయిందా, మొదటి ప్లాన్‌లో గ్రంథికి ఎంత, మూడో వారంలో ఎంత, మార్చాక ఎంత, బరువు, మానేసిన రోజులు, ఏడాది తర్వాత నోరు ఎండుతోందా, జొన్నరొట్టె నీళ్లు తాగకుండా మింగగలుగుతున్నాడా. వేయనివాళ్లకు కూడా అదే వరుస. ఏడాది ఫాలోఅప్‌కు రానివాళ్లకు ఫోన్ చేయించండి, వాళ్ల నంబరు మారి ఉండొచ్చు కనుక ఊరి ఆశా కార్యకర్త నంబరు మొదటిరోజే తీసుకుని ఉండాలి.